మూడో బెంచీకి నాలుగు మార్కులు

మా చిన్నప్పుడు... లెక్కల పేపర్లు దిద్ది తెచ్చిన రోజు మా సారు పిల్లల పేర్లు పిలిచేవాడు కాదు. బెంచీలను పిలిచేవాడు.

"మూడో బెంచీ... నాలుగు!"

ముగ్గురం లేచి నిలబడ్డాం. ఇరవైకి జమునకు పంతొమ్మిది, సవితకు పన్నెండు. ఆ చారిత్రకమైన నాలుగు మాత్రం నావి. కానీ మా తరగతి రాజ్యాంగం ప్రకారం బెంచీలో ఎవరికి తక్కువొస్తే అదే ముగ్గురి మార్కు. "పక్కదానికి రాకుంటే నీకొచ్చి ఏం లాభం?" అనేది సారు వాదన. నాకైతే చాలా న్యాయంగా అనిపించేది... నష్టం ఎప్పుడూ వాళ్లదే కదా!

బాన్సువాడలో మాది సర్కారు హైస్కూలు. పదో తరగతిలో తండాల నుంచి నడిచొచ్చేవాళ్లు, వరి, చెరుకు పండించే ఇళ్ల పిల్లలు, బిచ్కుంద అవతలి నుంచి వచ్చి ఇక్కడ కిరాయికి ఉండే మరాఠీ కుటుంబాల వాళ్లు... ఎవరి గుంపులో వాళ్లం కూర్చునేవాళ్లం. సారు వచ్చిన మొదటి వారమే మమ్మల్ని పేకముక్కల్లా కలిపేశాడు. ఇంట్లో ఒకే భాష మాట్లాడేవాళ్లు ఒకే బెంచీలో ఉండకూడదన్నాడు. అలా తండా జమున, మరాఠీ సవిత, రైతుబిడ్డనైన నేను కలిసి ఒక దేశంగా ఏర్పడ్డాం. మూడు భాషలు... ఒకటే కంపాస్ బాక్సు.

అంతా హాయిగా సాగుతుండగా తల్లిదండ్రుల మీటింగ్ వచ్చింది.

జమున నాన్న శంకర్ కాక రుమాలు భుజం మీద వేసుకుని వెనక నిలబడ్డాడు. ఏటా దీపావళి దాటగానే భార్యతో కలిసి చెరుకు నరకడానికి మహారాష్ట్ర వెళ్లేవాడు. ఆ ఏడు ఆమెకు నడుము పట్టేసింది. సారు అలవాటు ప్రకారం బెంచీల మార్కులు చదువుతూ, మా వంతు రాగానే "నాలుగు" అన్నాడు.

కాక ముఖం చూసి సారు నాలుక కరుచుకున్నాడు. "జమునకు పంతొమ్మిది, శంకర్! నాలుగు గీ పిల్లవి" అని నన్ను చూపించాడు. నేను వినయంగా తల వంచాను.

"గట్లెట్ల సార్? ముగ్గురికి కలిపి ఒకటే లెక్క అని మీరే అంటిరి గదా. మా చెరుకుల గూడ గంతే. ఇద్దరు కలిస్తేనే ఒక జోడీ. ఒకరు కూసుంటే రెండోళ్లు గూడ కూసున్నట్టే. గీ లెక్క నాకు మంచిగ సమజైంది."

కోపంగా అని ఉంటే బాగుండేది. మా సారు పద్ధతిని మనస్ఫూర్తిగా మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే!

"దీని తల్లికి చాతనైతలేదు సార్. జోడీకి జమునను తోల్కపోదమనుకుంటున్న. దీపావళి ముంగట ఇంకో పరీక్ష ఉన్నదంట గదా... గా పరీక్షల బెంచి పాసైతే ఇది బడిలనే ఉంటది. నేను మా తమ్ముని బతిలాడుకుంట. కాకుంటే నాతోని వస్తది."

సవిత మరాఠీలో "అగ బాయీ... అమ్మో" అంది.

మరునాడు మధ్యాహ్న భోజనం అయ్యాక, ప్లేట్లు కడిగే నల్లా దగ్గర జమున నన్ను నిలేసింది.

"నువ్వు ఫెయిలైతే నేను చెరుకుల ఉంట. సమజైతుందా?"

"అరే, ఇగ ఫికర్ జేయకు, నేనున్న గదనే..."

"నువ్వున్నవనే ఫికర్! నవ్వుడు బంద్ చెయ్. శ్రేఢుల సూత్రం చెప్పు."

నేను ఆకాశం వైపు చూశాను. జమున నా స్టీలు ప్లేటు లాక్కుంది. "చెప్పినంకనే ఇస్త."

ప్లేటు లేకుండా ఇంటికెళ్తే మా అమ్మ ఏం చేస్తుందో దానికి బాగా తెలుసు. సాయంత్రం బెల్లు కొట్టేలోపు సూత్రం వచ్చేసింది.

ఇక రోజూ అదే శిక్ష. జమున నాకు చెప్పాలి, నేను సవితకు చెప్పాలి. సవిత ఎన్నిసార్లు చెప్పినా "మళ్లోసారి చెప్పు" అనేది. పాపం మొద్దు అని జాలిపడి మళ్లీ మొదలుపెట్టేదాన్ని. దానికి మొదటిసారే అర్థమయ్యేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది...

ఎవరూ నమ్మరు గానీ, నేనూ పట్టుబట్టాను. పాలు తేవడానికి వెళ్తూ సూత్రాలు, తెస్తూ లెక్కలు. మా ఇంట్లో చెరుకంటే పంట. జమున ఇంట్లో చెరుకంటే బడి మానేయడం. అది తెలిశాక కూడా లెక్కలు రాకపోతే ఇంక మనిషి పుట్టుక ఎందుకు?

పేపర్లు ఇచ్చే రోజు శంకర్ కాక తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మొదటి బెంచీ అయింది. రెండో బెంచీ అయింది. "మూడో బెంచీ..." అని సారు కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఆయన తుడిచినంతసేపూ జమున గోళ్లు నా మోచేతిలోనే ఉన్నాయి.

"ముప్పై! పాస్!"

ఎనభైకి ఇరవై ఎనిమిది వస్తే చాలు. మిగిలిన రెండూ నా విలాసం.

"ముగ్గురు పాసేనా సార్?" అన్నాడు కాక.

"ముగ్గురు, శంకర్."

కాక నా వైపు తిరిగి, "సాబాస్ నాలుగూ! ఎండకాలం పెద్ద పరీక్ష ఉన్నది బిడ్డా... అప్పటిదాంక దాని చెయ్యి ఇడువకు" అన్నాడు. దీపావళి దాటాక తమ్ముణ్ని వెంటబెట్టుకుని లారీ ఎక్కాడు. జమున మూడో బెంచీలోనే ఉంది. ఎండాకాలం ముగ్గురం గట్టెక్కాం.

మొన్న బాన్సువాడ బస్టాండులో కాక కనిపించాడు. నా డిగ్రీ, నా కళ్లద్దాలు ఆయనకు లెక్కలోకి రాలేదు. "ఏం నాలుగూ, మంచిగున్నవా? జమున పీజీ చేస్తున్నది" అన్నాడు. బస్టాండంతా నా వైపే చూసింది.

ఇప్పుడు మా తమ్ముడి మార్కులు ఫోనుకే వస్తాయి... ఎవరివి వాళ్లకే. "పక్కోనికి ఎన్నొచ్చినయ్‌రా?" అంటే "నాకేమెరుక?" అన్నాడు. మంచిదే, ఎవరి పరువు వాళ్ల జేబులో ఉంటోంది. కానీ నాలాంటి వాళ్ల ప్లేటు లాక్కునేది ఎవరు?

సరే... మీ బెంచీలో మీరు పంతొమ్మిదా, నాలుగా? కామెంట్లో నిజం చెప్పండి. చెప్పేదాకా మీ ప్లేటు నా దగ్గరే ఉంటుంది.