చివరి వరుసకు వినపడాలి

మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. ఆ మానుకోట ఫంక్షన్ హాల్లో ఒక రిసెప్షన్‌కు మా ఆర్కెస్ట్రా వాయించింది. మా అక్క మొగుడు, అంటే మా బావ, ఆ రోజు హాలు చివర భోజనాల దగ్గర నిలబడి ఫోన్లో నన్ను వీడియో తీశాడు. మర్నాడు పొద్దున టీ తాగుతూ దాన్ని చూస్తున్నాను. రెండో పాట మధ్యలో నా బేస్ గిటార్ లావు తీగ సడలింది. అది నాకు గుర్తుంది. వాయించడం ఆపి, వంగి, గిటార్ బిరడ మెలితిప్పి తీగ బిగించుకున్నాను. వీడియోలో కూడా వంగి కనపడుతున్నాను. కుడిచెయ్యి తీగల మీద లేదు.

బేస్ మాత్రం ఆగలేదు. పాట కింద దాని దారిన అది పోతూనే ఉంది.

వెనక్కి జరిపి మళ్ళీ చూశాను. బావ పక్కనే కూర్చుని ఉన్నాడు.

"ఏంది, గట్ల చూస్తానవ్?"

"బావా, గీడ నేను వాయిస్తలేను."

"వాయిస్తలేవా? మరి సప్పుడు వస్తాంది గద."

వస్తోంది. అదే నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక టీ గ్లాసు అలాగే కింద పెట్టేశాను.

మాది గార్ల దగ్గర ఒక తండా. మా ఇంట్లో లంబాడీ భాష మాట్లాడుకుంటాం. అమ్మను యాడి అంటాం. నేను మానుకోటలో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచర్ని. బేస్ నాకు డిగ్రీ రోజుల్లో దొరికింది. మా హాస్టల్ పక్క చర్చిలో ఎవరూ ముట్టని బేస్ గిటార్ ఒకటి గోడకు ఆనించి ఉండేది. అడిగితే ఇచ్చారు. కబడ్డీ ఆడిన వేళ్ళకు ఆ లావు తీగలు బరువనిపించలేదు. పాట వినేవాళ్ళు గొంతునే వింటారు. కానీ కింద బేస్ లేకపోతే ఆ గొంతు గాలిలో వేలాడుతుంది. ఆ సంగతి తెలిసిన రోజునుంచి నేను దాన్ని వదల్లేదు.

ఆర్కెస్ట్రాలో చేరాక ప్రతి స్టేజీ మీదా నన్ను ప్రత్యేకంగా పరిచయం చేసేవారు. "మన గార్ల తండా బిడ్డ, బేస్ గిటార్ మీద" అనేవారు. జనం చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లు నా వాయింపుకే అనుకున్నాను.

అసలు జరిగిందేమిటంటే, నా గిటార్ వైరు అందరి సౌండ్ కలిపే మిక్సర్‌లోకి పోతుంది. అక్కణ్ణుంచి ఒక దారి జనంవైపు తిరిగిన పెద్ద స్పీకర్లకు, ఇంకో దారి నా కాళ్ళ ముందుండే చిన్న స్పీకర్‌కు. ఆ చిన్నదాన్లో నా బేస్ నాకు చక్కగా వినపడేది. పెద్దవాటి దారి మాత్రం మూసేసి ఉండేది. జనం వినే బేస్ అంతా మా ఆర్కెస్ట్రా నడిపే అన్న కీబోర్డు మీద ఎడమచేత్తో వాయిస్తున్నది.

ఆ సాయంత్రమే ఆయన దగ్గరికి పోయాను. ప్రాక్టీసు గదిలో కీబోర్డుకు బట్ట కప్పుతున్నాడు. వీడియో చూపించాను. చూసి నవ్వాడు.

"గిదా? నీ మంచికే పెట్టిన చెల్లె. నువ్వు తప్పు వోయినా బయటికి తెల్వది."

"నేను తప్పు వోయిననా అన్నా ఎప్పుడన్న?"

"పోయినవని నేనన్ననా? నువ్వు స్టేజీ మీద మంచిగ కనవడ్తానవ్. తండా పిల్ల గిటార్ వట్టుకోని నిలవడితెనే జనం సూస్తరు. బేస్ సంగతి నా ఎడమచెయ్యి సూస్కుంటది."

"ఎప్పటి సంది గిట్ల?"

"మొదటి సంది."

ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. ఎంతమంది పెళ్ళిళ్ళకు ముస్తాబై నిలబడ్డాను, వేళ్ళు బొబ్బలెక్కేలా ఎన్ని పాటలు నేర్చుకున్నాను. అవన్నీ నా కాళ్ళ ముందున్న ఆ చిన్న పెట్టె దాటి పోలేదు. బయటికొచ్చి బండి స్టార్ట్ చేసుకుని వెనక్కి చూడకుండా వచ్చేశాను.

ఈ చుట్టుపక్కల బేస్ వాయించే వాళ్ళు తక్కువ. నాకు తెలిసినవాళ్ళు ఇద్దరు. జనగామలో స్టేషన్ దగ్గర పరుపుల దుకాణం నడిపే ఒక భాయ్. ఆయన ఇంట్లో దక్కనీ ఉర్దూ, దుకాణంలో తెలుగు మాట్లాడతాడు. భూపాలపల్లిలో బొగ్గుబావిలో పనిచేస్తూ ఆదివారాలు చర్చిలో వాయించే ఒక అన్న. ముగ్గురం ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. అందులో మేం మాట్లాడుకునేవి మా ఇళ్ళల్లో ఎవరికీ పట్టవు. ఏ తీగ ఎన్నాళ్ళకు చస్తుంది, ఏ స్పీకర్ ఎలా గర్జిస్తుంది, ఏ ఊరి హాల్లో మోత ఎక్కువ.

ఆ రోజు జరిగింది ఇద్దరికీ చెప్పాను. భాయ్ అందుకున్నాడు.

"సునో చెల్లె. మిక్సర్ వాళ్ళది. దాని మీద నీ హుకుం నడ్వది. నీ ఆంప్ నీకుండాలె. క్యాబినెట్ నీ ఎన్క ఉండాలె. సౌండ్ పెంచే గుండీ నీ చేతుల ఉండాలె. అప్పుడు ఎవడు మూస్తడో సూద్దాం."

ఆంప్ అంటే గిటార్ నుంచి వచ్చే సన్నటి చప్పుణ్ణి పెంచే యంత్రం. క్యాబినెట్ అంటే ఆ చప్పుణ్ణి బయటికి కొట్టే స్పీకరున్న చెక్కడబ్బా. పెద్ద బ్యాండ్ల బేస్ వాళ్ళకు రెండూ ఉంటాయి. మా పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో ఎవరూ మొయ్యరు. వైరు మిక్సర్‌కు గుచ్చి పని కానిస్తారు.

ఆంప్ భాయ్ దగ్గర ఇంకోటి ఉంది, వాడుకొమ్మన్నాడు. క్యాబినెట్ దగ్గరే గొడవ వచ్చింది. భూపాలపల్లి అన్న దగ్గర పదిహేను ఇంచుల స్పీకరు ఒక్కటే ఉన్న డబ్బా ఉంది. వాళ్ళ చర్చికి కొత్త సిస్టం వచ్చాక అది ఇంట్లోనే పడి ఉంది. భాయ్‌కి అది నచ్చలేదు.

"పదేనుది గుయ్యిమంటది, ఏ స్వరమో తెల్వది. పది ఇంచులయి నాలుగు పెట్టుకో. ఒక్కొక్క ఏలు దెబ్బ సాఫ్‌గ ఇనవడ్తది."

"తెల్వనోనికి తెల్వది" అన్నాడు భూపాలపల్లి అన్న. "కడుపుల తాకాలె భాయ్ బేస్ అంటే. చెవులకు పాటగాళ్ళున్నరు."

ఇద్దరూ వారం రోజులు వాదించుకున్నారు. నేను మాత్రం మోయగలిగేది ఏదో అదే కావాలన్నాను. ఒక్క స్పీకరు డబ్బాయే తేలిక.

ఒక ఆదివారం భాయ్ పరుపుల ట్రాలీ ఆటోలో జనగామ నుంచి వచ్చాడు. ఇద్దరం భూపాలపల్లి పోయాం. అన్న వాళ్ళది కార్మికుల క్వార్టర్. క్యాబినెట్ మీద వాళ్ళమ్మ కూలర్ పెట్టుకుంది. కూలర్ దింపించి, డబ్బా తుడిచి, ఆంప్ కలిపి, గిటార్ నా చేతికిచ్చారు. లావు తీగ ఒక్కసారి మీటాను. అరమరలో స్టీలు గిన్నెలు గలగలలాడాయి. నా అరికాళ్ళకింద గచ్చు వణికింది. పక్క క్వార్టర్ అవ్వ బయటికొచ్చి, "బావిల బాంబు వేల్చిన్రా ఏంది గిప్పుడు?" అని అడిగింది.

"కాదవ్వా, గీ పిల్ల గిటార్ వాయిస్తాంది."

అవ్వ నన్ను కిందినుంచి మీదికి చూసింది. "మంచిగున్నది. ఇంక జర వాయించు బిడ్డా."

ఎవరో నా వాయింపు విని ఇంకా వాయించమనడం, నాకు తెలిసి, అదే మొదలు. కళ్ళలో నీళ్ళు వచ్చాయి గానీ ఆపలేదు, వాయించాను. భాయ్ చేతులు కట్టుకుని విన్నాడు. పదిహేను ఇంచుల డబ్బా అంత చెడ్డదేం కాదని ఒప్పుకున్నాడు. అది కూడా వచ్చేదార్లో, పరకాల దాటాక. క్యాబినెట్‌ను రెండు పరుపుల నడుమ పడుకోబెట్టి మానుకోట తెచ్చాం.

మా ఆర్కెస్ట్రా తరువాతి ప్రోగ్రాం పాలకుర్తిలో. షామియానా వేసిన ఖాళీ జాగాలో రిసెప్షన్. నేను బావను తోడు తీసుకుని ముందే పోయి క్యాబినెట్ స్టేజీ మీదికి ఎక్కించాను. వెలుగు ఉండగానే మా ఆర్కెస్ట్రా అన్న వచ్చి చూశాడు.

"ఏంది గిది?"

"నా క్యాబినెట్ అన్నా."

"స్టేజీ మీద జాగ లేదు. దించు."

"జాగ ఉంది. నా ఎన్కనే పెట్టిన."

సౌండ్ సిస్టం అతను కూడా అందుకున్నాడు. స్టేజీ మీద అంత బేస్ ఉంటే బయట సౌండ్ ఖరాబవుతుందన్నాడు. ఆ మాటలో నిజముంది. అందుకే, నా వైరు మిక్సర్‌లో తెరిస్తే నా ఆంప్ సగానికి తగ్గిస్తానన్నాను. అతను అన్న మొహంకేసి చూశాడు. అన్న తల అడ్డంగా ఊపాడు.

"అది స్టేజీ మీదుంటే నేను దిగుత" అన్నాడు నాతో.

"దిగు అన్నా."

అలా అంటానని నాకే తెలియదు. ఎలక్ట్రానిక్ డోలు ప్యాడ్స్ వాయించే కుర్రాడు, మేం తమ్ముడంటాం, కర్రలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అన్న దిగలేదు. పెళ్ళివాళ్ళు చూస్తున్నారు. పళ్ళు బిగించి కీబోర్డు ముందుకు పోయి కూర్చున్నాడు.

మొదటి పాట పాడైపోయింది. ఆ ముక్క దాచను. ఆయన ఎడమచేత్తో తన బేస్, నేను నా డబ్బాలోంచి నా బేస్. రెండూ ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. చప్పుడంతా బురదైంది. గాయని రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ముందు వరుసలో ఒక పెద్దాయన చెవిలో వేలు పెట్టుకున్నాడు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. గుండీ తగ్గిద్దామని చెయ్యి వెనక్కి పోయింది. పోయిన చెయ్యిని మళ్ళీ తీగల మీదికి తెచ్చుకున్నాను. నేను తగ్గితే ఇక ఎప్పటికీ తగ్గే ఉంటాను.

రెండో పాట మొదలయ్యే ముందు ప్యాడ్స్ తమ్ముడు నావైపు తిరిగాడు. ఎప్పుడూ అన్నవైపు చూసి తాళం ఎత్తుకునేవాడు, నాకేసి చూసి తల ఊపాడు. వాడి డోలు దెబ్బ, నా తీగ దెబ్బ ఒక్కచోట పడ్డాయి. నాలుగు తాళాలు తిరిగేసరికి అన్న ఎడమచెయ్యి తేలిపోయింది. ఎంత గట్టిగా నొక్కినా పాట మాతోనే నడుస్తోంది. చరణం దగ్గర చూస్తే ఆయన ఎడమచెయ్యి ఒళ్ళో ఉంది. నామీద దయతో తీసింది కాదు, అందరి ముందు తన పాట చెడగొట్టుకోలేక తీశాడు. నాకది చాలు.

బావ ఎప్పటిలాగే షామియానా చివర నిలబడ్డాడు. పాట అయ్యాక, ఇక్కడిదాకా వినపడిందన్నట్టు రెండు చేతులూ పైకెత్తాడు. మిగతా పాటలన్నీ నేను ఆ చివరి కుర్చీల వాళ్ళ కోసమే వాయించాను.

సామాన్లు సర్దుకుంటుంటే అన్న దగ్గరికొచ్చాడు. "రేపటి సంది నువ్వు రాకు."

"నేనే రాను అందామనుకున్న" అన్నాను.

అది పూర్తి నిజం కాదు. ఆ ఆర్కెస్ట్రా పోతే ఇంకోటి చేతిలో లేదు. ఇంటికి పోయి యాడికి చెప్తే, మిరప చేలో పని ఎప్పుడూ ఉంటుందిలే అని నవ్వించబోయింది. నవ్వు రాలేదు. కొన్నాళ్ళు క్యాబినెట్ మా గదిలో మంచం పక్కనే ఉంది. దానికేసి చూడకుండా తిరిగాను. భాయ్ మాత్రం ఊరుకోలేదు. క్యాబినెట్‌ను జనగామ తెప్పించి, ఆదివారాలు తన దుకాణం వెనకగదిలో ప్రాక్టీసు పెట్టాడు. ప్యాడ్స్ తమ్ముడు ఆర్కెస్ట్రా అన్నను వదిలి మాతో వచ్చాడు. భూపాలపల్లి అన్న సెలవు దొరికినప్పుడల్లా వచ్చి, బేస్ నాకు వదిలి తను మామూలు గిటార్ అందుకుంటాడు. పరుపుల మధ్య చప్పుడు మెత్తగా, బరువుగా ఉంటుంది. వీధిలోకి పోదు.

ఈలోపు మా పాత ఆర్కెస్ట్రాలో ఇంకో అమ్మాయి బేస్ పట్టుకుని నిలబడుతోందని విన్నాను. జనగామలో డిగ్రీ చదువుతోంది. కాలేజీ బయట కలిసి ఉన్నదున్నట్టు చెప్పాను. నీ బేస్ బయటికి పోవడంలేదు చెల్లీ అన్నాను. ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది.

"నాకు తెల్సక్కా. ఆయన ముందే చెప్పిండు. నాకు వాయించుడు రానే రాదు. కాలేజీ ఫీజు ఎల్తాంది."

కోపంతో పోయినదాన్ని, ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాను. చివరికి ఒక్కటే అడిగాను. "ఆదివారాలు గీడనే ప్రాక్టీసు చేస్తం, నేర్చుకుంటవా మరి?"

"నేర్చుకుంటె ఆయన వొద్దంటడేమో" అంది. మళ్ళీ తనే, "ఆదివారం ఏ టైముకు?" అంది.

వస్తోంది. ప్రోగ్రాం ఉన్న రోజు ఇంకా అక్కడే నిలబడుతుంది, వద్దని నేననను. ఆదివారం మాత్రం నా డబ్బా ముందు కూర్చుని వేళ్ళు నొప్పెట్టేదాకా వాయిస్తుంది. తప్పుపోతే గదంతా వినపడుతుంది. వినపడనీ అంటాను.

ప్రోగ్రాంలకు నా ఫోన్ ఇదివరకటంత మోగడంలేదు. మోగినప్పుడు ముందుగా నా క్యాబినెట్‌కు స్టేజీ మీద చోటుందా అని అడుగుతాను. మొన్న మానుకోట నుంచి ఒకాయన చేశాడు. అదంతా ఎందుకు మేడం, గిటార్ పట్టుకుని వచ్చి నిలబడితే సరిపోతుంది కదా అన్నాడు. నిలబడేందుకు నేను రానన్నాను. ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేయలేదు. ఆ ఆదివారం జనగామ పోయి, డబ్బాను వెనకగదిలోంచి ముందుకు జరిపించి, దుకాణం షట్టర్ పూర్తిగా పైకెత్తి పెట్టమన్నాను భాయ్‌ని. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆగినవాళ్ళు కాసేపు నిలబడి విన్నారు. గుండీ ఇంకొంచెం తిప్పాను.