భయపడే వంతు

ఆ పొద్దున్న ఫోన్ తెర మీద ‘వదిన’ అని వెలిగింది. ఆ వేళప్పుడు వదిన ఫోన్ చేసిందంటే నేను రాసిన పాటలో ఏదో చరణం నచ్చకపోయి ఉండాలి, లేకపోతే మా అమ్మకి ఒంట్లో బాగోక అయినా ఉండాలి. “సెప్పు వదినా” అన్నాను. అవతలి నుంచి అన్నయ్య గొంతు వచ్చింది. “ఒరే, మీ వదిన లేదురా.” లేకపోతే ఎక్కడికెళ్ళింది అని అడిగాను. నిజంగానే అడిగాను. పాల పేకెట్టుకి సందు చివరికి వెళ్ళి ఉంటుందనే అనుకున్నాను.

పొయ్యి దగ్గరే కూలబడిపోయిందట. ఆస్పత్రి గేటు దాకా కూడా ప్రాణం ఆగలేదు. అంతకు ముందు కొన్నాళ్ళుగా ఎడమ చెయ్యి లాగుతోందని ఎదురింటావిడతో అందట. మాలో ఎవరితోనూ అనలేదు.

రాజాం చుట్టుపక్కల వాళ్ళయితే మీరామెను చూసే ఉంటారు. మా వీధి నాటకాల్లో తల్లి వేషం వేసేది ఆమే. మిగతా వేళల్లో అంగన్‌వాడీ టీచరు. జూట్ మిల్లు షిఫ్టుల్లో తిరిగే మా అన్నయ్యకి భార్య. ఏళ్ళ తరబడి మంచం దిగని మా అమ్మకి కోడలు. నాటకాలు రాసేది నేను. నాకు వేరే పని పెద్దగా లేదు.

సంస్మరణ సభ పెట్టాం. ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, సంసార బాధ్యతలు అడ్డు రాకపోయి ఉంటే ఆ మహానటి ఎంత ఎత్తుకు ఎదిగేదో అన్నాడు. ఇంకొకాయన ఆమె చూపు గురించి చెప్పాడు. చివరి రంగంలో, వలసపోయిన కొడుకు కోసం గుమ్మంలో నిలబడిన తల్లిగా, జనం తలల మీదుగా ఎక్కడో రేపటిలోకి చూసేదట. చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండింది. లేచి, ఆమె చూసింది రేపటిలోకి కాదు, నా చేతి వైపు అని చెప్పాను. అక్కడ సగమే చెప్పనిచ్చారు. మిగతాది ఇక్కడ చెబుతాను.

నాటకం మొదలయ్యే ముందు వదిన తన ఫోన్ నాకిచ్చేది. జనం వెనక, ఆమెకి కనబడే చోట, ఆ ఫోన్ గుండెకి ఆనించి పట్టుకుని నిలబడాలి. అది గుండె మీద ఉన్నంతసేపూ ఇంట్లో అంతా బాగున్నట్టు. ఇంటి నుంచి ఫోన్ వచ్చి, వెళ్ళక తప్పదనుకుంటే, చెయ్యి పైకెత్తాలి. అదీ ఒప్పందం. ఏ ఊళ్ళో ఆడినా, ఏ వేషం కట్టినా, ఆమె కళ్ళు తిరిగి తిరిగి నా చేతి మీదికే వచ్చేవి. రచయితని కదా, నాటకం మధ్యలో నేను జనం మొహాలు చూడాలి, వాళ్ళు ఎక్కడ నవ్వుతున్నారో గమనించాలి. నాకది కుదిరేది కాదు. ఫోన్ తెర ఆరిపోతే వేలితో తాకి వెలిగిస్తూ ఉండేవాణ్ణి. అలా నిలబడి నేర్చుకున్నదే నాకు తెలిసిన భయం.

ఒక్కసారి చెయ్యెత్తాను. చీపురుపల్లి వైపు ఒక ఊళ్ళో, సరిగ్గా ఆ గుమ్మం రంగంలోనే, అమ్మ మంచం మీంచి పడిపోయిందని ఎదురింటావిడ ఫోన్ చేసింది. నా చెయ్యి లేచినా వదిన మాట ఆగలేదు, గొంతు మారలేదు. “ఉండండర్రా. ఇంట్లో ముసిల్ది పడిపోయినాది. నానెల్లి లేవదీసొస్తాను. నానొచ్చీదాకా ఈ గుమ్మం ఎవలూ దిగకండి” అని, జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆటో ఎక్కేసింది. జనం అదీ నాటకమే అనుకున్నారు. కదలకుండా కూర్చున్నారు. అయిపోయిందర్రా, లెగండి అని మా డప్పు కొట్టేవాడు చెప్పేదాకా ఎవరూ లేవలేదు. ఎవరో ఒక చిన్న పత్రికలో, ముగింపు లేని ముగింపు అని గొప్పగా రాశారు కూడా. అమ్మకి పెద్ద దెబ్బేమీ తగల్లేదు. మర్నాడు నేను ఉత్సాహంగా వెళ్ళి, ఇకనుంచి ఆ మాటలతోనే నాటకం ముగిద్దామన్నాను.

వదిన అమ్మకి కాళ్ళు తుడుస్తోంది. తల ఎత్తలేదు. “అది నాటకం కాదు మరిదీ. అది మీ అమ్మ” అంది.

రిహార్సల్సు ఆమె ఇంటి పెరట్లోనే జరిగేవి. రోజూ ఇల్లు వదిలి రావడం ఆమెకి కుదరదు కాబట్టి బృందమే అక్కడికి పోయేది. వచ్చిన ప్రతివాడి చేతిలోనూ ఏదో ఒకటి పెట్టేది. గోరుచిక్కుళ్ళకి నారలు తీస్తూ మావాళ్ళు జమీందారు డైలాగులు బట్టీపట్టారు. చేతులు ఖాళీగా ఉంటే నోటికి పొగరొస్తాది అనేది. ఒక కవి మా బృందంలో కొత్తగా చేరి, సృజనకు ఏకాంతం కావాలని చాలాసేపు మాట్లాడాడు. అంతా విని అతని ముందు ఒక పళ్ళెం చింతపండు పెట్టింది. “ఏకాంతం కావాలంటే ఆ అరటి సెట్టు కాడ కూసో బాబూ. పిక్కలు మాత్రం తియ్యి.” అతను తీశాడు. ఆ తర్వాత మంచి పాటలే రాశాడు.

నవ్వులాటగా చెబుతున్నాను గానీ ఆ పెరట్లో మేం భయపడిన రోజులూ ఉన్నాయి. కొండ తవ్వకాల మీద నాటకం కట్టినప్పుడు, ఎవరో ఇద్దరు ఆమె అంగన్‌వాడీకి వచ్చారు. పిల్లలు గుడ్లు తింటున్న వేళ. కేకలెయ్యలేదు, బెదిరించలేదు. ఉద్యోగం ఉంది కదమ్మా, ఆడపిల్ల చదువు ఉంది కదమ్మా, అన్నారట. ఆమె కుర్చీలు వేసి మంచినీళ్ళిచ్చింది. తాగి గ్లాసులు బోర్లించి వెళ్ళారు. అలా మెత్తగా మాట్లాడినవాళ్ళ గురించి తలచుకుంటే నాకిప్పటికీ భయమే. ఆ సాయంత్రం నేను అందరినీ కూర్చోబెట్టి, కళాకారుడికి భయం ఉండకూడదని ఉపన్యాసం దంచాను. వదిన బియ్యంలో రాళ్ళేరుతూ విన్నది.

“నీకు భయం లేదు మరిదీ. ఎందుకుంటాది? నీ వంతు కూడా నానే భయపడతన్నాను” అంది. “ధైర్నమంటే ఏటనుకున్నావు? మన భయం ఇంకొకలు మొయ్యడమే.”

వేషం మాత్రం మానలేదు. ఒక్కటే అడిగింది, ఫోన్ పట్టుకుని ఇంకాస్త దగ్గరగా నిలబడమని.

ఇప్పుడు ఆ పెద్దమనుషులకి నా ప్రశ్న. ఇల్లు అడ్డు రాకపోతే ఎదిగేది అంటున్నారే, మరి మీ ఇళ్ళు మీకెందుకు అడ్డు రాలేదు? సృజనకు గది కావాలంటారు, తీరిక కావాలంటారు. ఆ గది తలుపు బయట నిలబడి భయపడే మనిషి మాట ఎత్తరేం? గ్యాసు కట్టేశామా, పెరటి గడియ పెట్టామా, మబ్బేస్తోంది బట్టలు దండెం మీదే ఉన్నాయే, పిల్ల ఒళ్ళు వెచ్చగా ఉందే, పాలకొండ నుంచి ఆఖరి బస్సు తప్పిపోతే మనిషి ఎలా వస్తాడు? ఇది పని కాదా? వంట పంచుకోవాలని నేనూ వ్యాసాలు రాశాను. అంట్లు తోమి ఫొటోలు పెట్టుకున్న మిత్రులున్నారు. ఈ భయాన్ని పంచుకోవాలని ఒక్కడూ రాయలేదు. అది కనబడదు కదా, తోమితే మెరవదు కదా. వదిన ఆ బరువు దించకుండానే నటించింది. దించి ఉంటే ఇంకా గొప్పగా నటించేదా? నాకు తెలియదు. తెలిసిందొక్కటే. ఇంట్లో అందరి కోసం భయపడిన మనిషి కోసం భయపడే వంతు మేం ఎవరికీ వెయ్యలేదు. చెయ్యి లాగుతోందన్న మాట అందుకే ఎదురింటి గడప దాటలేదు.

కర్మకాండలయ్యాక అసలు కష్టం ఎదురైంది. రాజాం సంతలో నాటకం ఆడతామని ముందే మాటిచ్చి ఉన్నాం. తల్లి వేషానికి మనిషి లేదు. అన్నయ్య కూతురు కొత్తవలస నుంచి వచ్చి ఉంది, పాకే పిల్లతో. గోరుచిక్కుళ్ళ మధ్య పెరిగిన పిల్ల, వాళ్ళమ్మ మాటలన్నీ దానికి కంఠతా వచ్చు. అడిగితే తల అడ్డంగా ఊపింది. “నాకు భయమేస్తంది సిన్నాన్నా. పిల్లనొదిలి అక్కడ నిలబడితే నోట్లోంచి మాట రాదు.”

నాకూ భయమేసింది. నాటకం ఆగిపోతుందని కాదు. ఇప్పుడు వద్దన్న పిల్ల ఇక ఎప్పటికీ సరే అనదు. పిల్ల పాకుతోందని ఇప్పుడు, బడికెళ్తోందని తర్వాత, ఎవరో మంచాన పడ్డారని ఆ తర్వాత. అలా ఆగిపోయినవాళ్ళ పేర్లు ఏ సభలోనూ చదవరు. ఉపన్యాసం నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి అన్నయ్య వైపు తిరిగాను. ఆ రోజు భయపడే వంతు నీదే అన్నాను.

“భయపడ్డం కూడా నేర్పుతావేట్రా నాకు?” అన్నాడు.

నేర్పుతానన్నాను. కూతురే నేర్పింది. పాలు ఎంత వేడి ఉండాలో, పాకుతూ పోయి ఏది నోట్లో పెట్టుకుంటుందో, ఏ ఏడుపు ఆకలిదో, ఏది నిద్రదో. అన్నయ్య బడిపిల్లాడిలా విన్నాడు. మిల్లుకి సెలవు పెట్టాడు. గ్యాసువాడిది, డాక్టరుది, ఆటోవాడిది, ఆ ఇంటి నెంబర్లన్నీ వదిన ఫోన్‌లోనే ఉన్నాయి. కిటికీలో ఉన్న ఆ ఫోన్ తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మంచం మీంచి అమ్మ అంతా చూస్తూ, వీడి సేతికి పిల్లనిచ్చినారేటి, దేవుడా, అని కళ్ళు మూసుకుంది.

సంతలో గుండ్రంగా జనం చేరారు. వాళ్ళమ్మ కట్టిన పాత ముదురాకుపచ్చ నేత చీరలో అన్నయ్య కూతురు నిలబడింది. దాని ఫోన్ నా గుండె మీద ఉంది. మొదట గొంతు వణికింది, తర్వాత నిలబడింది. కళ్ళు మాత్రం తిరిగి తిరిగి నా చేతి మీదికి వస్తూనే ఉన్నాయి. వాళ్ళమ్మ కళ్ళే. గుమ్మం రంగం వచ్చింది. డప్పు మెల్లగా మోగుతోంది.

అప్పుడు నా అరచేతిలో ఫోన్ అదిరింది. తెర మీద ‘అమ్మ’ అని వెలిగింది.

ఎవరు చేస్తున్నారో నాకు తెలుసు. వదిన ఫోన్ ఏ జేబులో ఉందో తెలుసు. అయినా ఆ పేరే చూస్తూ ఉండిపోయాను. ఆ వెలుగు నా చొక్కా మీద పడడం పిల్ల చూసింది. దాని మాట ఆగిపోయింది. డప్పువాడు దరువు సాగదీశాడు. ఫోన్ చెవికి ఆనించాను.

“ఒరే, పిల్లకి ఎక్కిళ్ళు ఆగట్లేదురా. అమ్మ నీళ్ళు పట్టమంతాది, పడతన్నాను” అన్నాడు అన్నయ్య. వెనక పిల్ల ఎక్కిళ్ళు వినబడ్డాయి. “నాకు భయమేస్తందిరా.”

మా అన్నయ్య నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. చెంచాతో కొద్దికొద్దిగా పట్టు, తగ్గిపోతాయి, అన్నాను. కట్ చెయ్యకుండానే ఫోన్ మళ్ళీ గుండె మీదికి తెచ్చాను. చెయ్యి ఎత్తలేదు.

పిల్ల నా చేతి వైపు చూసింది. ఇంకొంచెంసేపు చూసింది. “నానీ గుమ్మం దిగను” అంది గట్టిగా. నా పక్కనున్న ముసలాయన, ఆ పిల్ల ఎక్కడికో సూస్తంది సూడు అన్నాడు. నా చేతిలో ఆ పేరు వెలుగుతూనే ఉంది, మెల్లగా మసకబారుతోంది. ఆరిపోకుండా వేలితో తాకాను.