ఓడ ఎక్కనివ్వలేదు

డెబ్భైల చివర్లో నేను వరంగల్‌లో జువాలజీ డిగ్రీ చదువుతున్నాను. ఒక మధ్యాహ్నం స్టేషన్ బెంచీ మీద నా పక్కన ఒకావిడ కూర్చుంది. ఎండకు కమిలిన ముఖం, కోస్తా యాస. అదే బెంచీ మీదున్న మట్టెవాడ బజారు బట్టల వ్యాపారి ఒకాయన ఏం పని చేస్తవని అడిగితే, సముద్రపు పక్షుల మీద పరిశోధన అంది. పదేళ్ళుగా అదే పనట, ఒక్కసారీ ఓడ ఎక్కనివ్వలేదట. మగవాళ్ళు పట్టి తెచ్చిన పక్షుల పొట్టలు కోసి, ఏ చేపలు తిన్నాయో చూడడం ఆమె వంతు.

"ఆడోళ్లకు సముద్రమెందుకు బిడ్డా? నీడపట్టున కూసోని చేస్తే అయిపాయె గద," అని ఆయన నవ్వాడు.

ఆవిడ విసురుగా లేచి రెండు చేతులూ ఆయన ముఖం ముందు పెట్టింది. వేళ్ళ నిండా కత్తి గాట్లు. చచ్చిన పక్షులు కుళ్ళకుండా వాడే ఫార్మలిన్ ఘాటు నా దాకా వచ్చింది.

"పొట్టలు కోసేటప్పుడు నేను ఆడదాన్నని ఎవరికీ గుర్తురాదండీ! ఓడ దగ్గరే గుర్తొస్తుంది. ఓడ ఎక్కించేదాకా ఇక కత్తి పట్టనని మా ఆఫీసరుకు చెప్పేసి వచ్చాను."

ఆయన నవ్వు ఆగిపోయింది. బండి రాగానే ఆవిడ వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఓడ ఎక్కనిచ్చారో లేదో నాకు తెలియదు.

ఆ నెలలోనే మా కాలేజీలో సముద్రతీరానికి వేసిన స్టడీ టూరుకు ఆడపిల్లలు వద్దన్నారు. నేను నేరుగా లెక్చరర్ గదిలోకి వెళ్ళి, ఎందుకు వద్దో చెప్పమన్నాను.

"జర మెల్లగ మాట్లాడమ్మా," అన్నాడు సారు.

నేను మెల్లగా మాట్లాడలేదు.