ఆ ఆయత్‌లో మంచం లేదు

ఊపిరిచ్చి, అది ఆగబోయిన చోట మళ్ళీ అందించిన అల్లాహ్‌కే నా మొదటి మాట. ఆయన్ని పొగడడానికి నాకున్నది ఈ నోరే. ఈ నోటితోనే ఆయన మాటకు నా మాట ఒకటి కలిపి చెప్పాను. సిగ్గుపడుతూనే ఇది రాస్తున్నాను.

మాది కర్ణాటకలో సింధనూరు తాలూకా, తుర్విహాళకు దగ్గర ఒక క్యాంపు. కాలువ నీళ్ళ కోసం కోస్తా ఆంధ్ర నుంచి వచ్చి వరి వేసుకున్నవాళ్ళలో మా ముస్లిం కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా పెద్దలు దూది ఏకి పరుపులు కుట్టేవారు. టౌనులో పెళ్ళిళ్ళకు వెళితే మా ఉర్దూ విని నవ్వుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అందుకే నమాజులో, రోజా ఉపవాసాల్లో ఎవరికీ తీసిపోకూడదని మా ఆడవాళ్ళకు పట్టుదల. నేను చిన్నప్పుడు మదర్సాలో చదువుకున్నాను. రంజాన్‌లో మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక ఆడవాళ్ళు మా వరండాలో చేరతారు. నేను ఖురాన్ అరబీలో చదివి, అర్థం తెలుగులో చెబుతాను. అందరూ నన్ను ఆపా, అంటే అక్కా, అని పిలుస్తారు.

రెండేళ్ళ కిందటి రంజాన్‌లో ఒక మధ్యాహ్నం ఖురాన్‌లో నరకం గురించిన వాక్యాలు, ఆ ఆయత్‌లు చదువుతున్నాను. ఉన్నట్టుండి చేతులు వణికాయి. ఒళ్ళంతా చెమట పట్టింది. అక్షరాలు ఒకదాని మీదికి ఒకటి జరిగిపోయాయి, చదవడం ఆగిపోయింది. నన్ను చూసి ముందు వరసలో ఎవరో ఏడ్చారు. తర్వాత అందరూ ఏడ్చారు. మావారి అక్క, ఖాజాబీ వదిన, నా ముఖం కొంగుతో తుడుస్తూ మిగతావాళ్ళతో, "చూశారా, అల్లాహ్ భయమంటే ఇలా ఉండాలి" అంది.

నేనూ అదే అనుకున్నాను. ఇన్నేళ్ళకు నా చదువు గుండెలోకి దిగిందని సంతోషించాను. తర్వాతి రోజుల్లోనూ ఆ వేళకు అదే వణుకు వచ్చేది. వదిన వెనక వీధి వాళ్ళను కూడా వెంటబెట్టుకొచ్చింది.

నా కోడలు షబానా ఒక్కతే ఏడవలేదు. ఒక సాయంత్రం వంటింట్లో నన్ను పట్టుకుంది. "అత్తయ్యా, ఇందాక వంకాయలు తరుగుతూ కూడా వణికారు. వంకాయలంటే కూడా భయమేనా మీకు?"

మర్నాడు పట్టుబట్టి సింధనూరు తీసుకెళ్ళింది. నాకు అంతకు ముందు నుంచే షుగర్ ఉంది. తెల్లవారకముందు సహ్రీలో రెండు ముద్దలు తిని మాత్ర వేసుకునేదాన్ని, మళ్ళీ సాయంత్రం ఇఫ్తార్ దాకా పచ్చి నీళ్ళు కూడా ఉండవు. డాక్టరుగారు కన్నడాయన, మాతో సగం సగం తెలుగు మాట్లాడతారు. వేలు గుచ్చి రక్తంలో షుగర్ చూసి, "ఇది హైపోగ్లైసీమియా. మాత్ర పని చేస్తూనే ఉంటుంది, లోపల తిండి లేదు. రోజా బేడమ్మా, వద్దు" అన్నారు. బ్లడ్ టెస్ట్‌లకు రాసిచ్చి, రిపోర్టులు తీసుకుని మళ్ళీ రమ్మన్నారు.

బస్సులో తలెత్తలేకపోయాను. అంతమంది ఆడవాళ్ళు ఏడ్చింది నా భక్తికి కాదు, గ్లూకోజ్ తగ్గినందుకు. ఈ మాట వాళ్ళకు ఏ ముఖంతో చెప్పను? ఎవరికీ చెప్పొద్దని షబానాతో అన్నాను. టెస్ట్‌లు పండగయ్యాక చూద్దామన్నాను.

షబానా మాట వినలేదు. రోజా వదిలిపెట్టమని, లేదంటే దగ్గరైనా ఉంచుకోమని నా పక్కన బిస్కెట్ పొట్లం పెట్టింది. వదిన కంట అది పడనే పడింది. "నోట్లో ఆయతు, ఒళ్ళో బిస్కెట్టా? బాగుంది మా ఆపా వరస" అంది నవ్వుతూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, పొట్లం షబానాకు ఇచ్చేశాను. రోజా ఉంటూనే వచ్చాను.

ఆ వారంలోనే నీళ్ళ డ్రమ్ము పక్కన పడిపోయాను. అది మాత్రం నాకు గుర్తు లేదు. మావారు ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తెచ్చారట. తెలివి వచ్చేసరికి చేతికి డ్రిప్ ఉంది. వార్డు ఆయా, దక్కనీ ఉర్దూ మాట్లాడే పెద్దావిడ, దుప్పటి పట్టుకుని మంచాల మధ్య నిలబడి అడిగింది, "మరీజ్ కౌన్ హై జీ?"

మావారు నన్ను చూపించారు. "ఇదిగోనమ్మా, ఈవిడే."

మరీజ్, అంటే రోగి. సంతలో, మందుల షాపులో రోజూ వినే మాటే. కానీ మగతలో ఉన్నానేమో, అది నాకు అరబీలో వినిపించింది. రోజా గురించిన పేజీలో అల్లాహ్ ఆ మాటే అన్నాడు. మరీజన్. రోగంతోనో ప్రయాణంలోనో ఉన్నవాళ్ళు వేరే రోజుల్లో లెక్క పూర్తి చేసుకోవచ్చని, ఆయన మనకు సులువు కోరుతున్నాడు గాని కష్టం కాదని. ఆ పేజీలో ఆ మాట ఒకటికి రెండుసార్లు వస్తుంది. పడుకునే ఉండి మనసులో చదువుకున్నాను. రెండోసారి ఆ మాట దగ్గరికి వచ్చాక ముందుకు పోలేకపోయాను.

ప్రతి ఏడూ నెల మొదట్లోనే ఆ పేజీ వస్తుంది. ప్రతి ఏడూ నేను ఆడవాళ్ళకు చెప్పిన అర్థం ఇది: "రోగి అంటే మంచం దిగలేనివాళ్ళు. కాళ్ళ మీద నడిచొచ్చి వరండాలో కూర్చున్నవాళ్ళు రోగులు కాదు." రోజా విషయంలో మా వాళ్ళు ఎవరి దగ్గరా మాట పడకూడదని అలా చెప్పేదాన్ని. అల్లాహ్ మంచం అనలేదు. ఆ మంచం వేసింది నేను. చివరికి ఆయన నన్నే దాని మీద పడుకోబెట్టాడు.

అక్కడ తీసిన రక్తం రిపోర్టు చూసి డాక్టరుగారు ఆ రోజు గట్టిగానే మాట్లాడారు. "క్రియాటినిన్ ఎక్కువుందమ్మా. కిడ్నీ సరిగా లేకపోతే మాత్ర ఒంట్లోంచి తొందరగా పోదు. ఇన్సులిన్‌కు మారుద్దాం. రోజా ఈ ఏడే కాదు, ఇక ఎప్పుడూ బేడ."

వేరే రోజుల్లో ఉండి తీర్చుకునే దారి కూడా నాకు లేదని అప్పుడు అర్థమైంది. మిగిలింది ఒక్కో రోజాకు బదులు ఒక బీదవారికి అన్నం పెట్టడం. ఇంటికొచ్చాక వంటింటి తలుపు గడియ వేసుకుని తినేదాన్ని. వరండాలో ఎవరైనా దగ్గితే గుటక గొంతులోనే ఆగిపోయేది. ఆ రంజాన్ అంతా నీరసమని చెప్పి చదవడం మానేశాను. "భయం మరీ ఎక్కువై జబ్బు చేసింది ఆపాకి" అని వదిన అందరికీ చెప్పుకుంది. నేను కాదనలేదు.

కిందటి రంజాన్‌లో ఆ పేజీ మళ్ళీ వచ్చింది. చదివాను. మంచం లేకుండా అర్థం చెప్పాను. ఇన్నేళ్ళూ మంచం నేను కలిపిందని చెప్పాను. ఆనాటి వణుకు షుగర్ పడిపోయి వచ్చిందని, నేను రోజా లేనని కూడా చెప్పాను. వదిన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

పొద్దు గుంకాక వచ్చే మగ్రిబ్ నమాజుకు కొంచెం ముందు పెరటి తలుపు కదిలింది. వదినే. లోపలికి వచ్చి గడియ తనే వేసింది. చెమటతో కుచ్చిళ్ళ దాకా తడిసి ఉంది.

"ఆ వేలు గుచ్చే మిషను ఏదీ? నాది కూడా చూడు."

తనకు షుగర్ ఉన్నట్టు మాకెవరికీ తెలియదు. టౌనులో చూపించుకుని, మాత్రలు బియ్యం డబ్బాలో దాచుకుందట. ఎందుకిలా చేశావు వదినా అంటే నా ముఖంలోకి చూసింది. "నువ్వేగా చెప్పావు, మంచం దిగలేనివాళ్ళకేనని. నేను దిగుతున్నానుగా."

తన వేలు గుచ్చాను. మిషను తక్కువ చూపించింది. నీళ్ళలో పంచదార కలిపి ఇచ్చాను. గ్లాసు పట్టుకుని గోడ వైపు తిరిగి, "ఇంకాసేపట్లో మసీదులో బాంగు అవుతుందే, రోజా విప్పేవాళ్ళమే" అని ఏడ్చింది. నేను ఇంకో గ్లాసులో మంచినీళ్ళు పోసుకుని పక్కన నిలబడ్డాను. ఇద్దరం కలిసి తాగాం. తర్వాత గడియ తీశాను.

ఈ ఏడు కూడా రోజా లేను. వదినకు డాక్టరుగారు మందు మార్చారు, తనకూ రోజా వద్దన్నారు. మిల్లు వెనక ఒంటరిగా ఉండే ముసలామె, ఆమె చెల్లెలు, ఈ ఇద్దరికీ మేమిద్దరం రోజూ వండి పంపుతున్నాం. వదిన ఉప్పు ఎక్కువ వేస్తుంది, ఆ ముసలామె తిడుతూనే తింటుంది. నా సిగ్గు పోలేదు. అది ఉండడమే మంచిదేమో.

షుగర్ ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. చంద్రుడు కనిపించక ముందే మీ మాత్రలు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళి, రోజా ఉండొచ్చా అని అడగండి. ఆయన ఉండమన్నా సరే, వణుకూ చెమటా వస్తే బాంగు కోసం చూడకండి, వెంటనే తీపి నోట్లో వేసుకోండి.

ఇది చదివిన తల్లీ, తండ్రీ, ఇప్పుడొక్కసారి మీ భాషలోనే నాతో కలిసి అడగండి. యా అల్లాహ్, నీ మాటకు మా మాట కలపకుండా మా నోళ్ళను కాపాడు. మేం మంచం వేసి ఆపిన వాళ్ళందరినీ నీ సులువులోకి చేర్చు.