అరటిబోదెల గ్రీకు గుడి

కొవ్వూరు దగ్గర హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేరిన రెండో ఏడు, స్కూలు ఎగ్జిబిషన్‌లో గ్రీకు గుడి కట్టి చూపిస్తానని నోరు జారాను. ఇంట్లో మేకు కొడితే గోడే ఊడొచ్చే చెయ్యి నాది. కానీ అప్పటికే పదో తరగతి ఆడపిల్లలు ఎగిరి గంతేశారు. మొదటి బహుమతి వస్తే కాకినాడలో జోనల్ ఎగ్జిబిషన్‌కి వెళ్ళచ్చు. వాళ్ళలో సగం మంది సముద్రం చూడలేదు.

పాలరాయి మనకెక్కడిది? అరటిబోదెలున్నాయి. కింద లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా. గ్రీకులు లెక్కలు కట్టి చెక్కిన వాటం మన బోదెకి పుట్టుకతోనే ఉంది. నాకు బాగా తెలిసింది డోరిక్ పద్ధతి: స్తంభం నెత్తిన గుండ్రటి దిండు, దాని మీద పలక. దిండుకి చుట్టకుదురు, పలకకి పీట సరిపోతాయనుకుని, చార్టు మీద ‘డోరిక్ గుడి’ అని ముందే రాసేశాను.

ఆ రోజు పొద్దున్నే తోట రైతు ట్రాక్టర్ మీంచి ఆరు బోదెలు దింపారు. ఆకులతో సహా.

“ఆకులు కొట్టేయాలండీ, పైన పీట పెట్టాలి.”

“తల కొట్టేసిన అరటిచెట్టు నిలబెడతారా మాస్టారూ? పెళ్ళికైనా గుడికైనా తలతోనే ఇస్తానండి. కాదంటే పట్టుకుపోతాను.”

“ఇది మన గుడి కాదండీ, గ్రీకు దేశంలోది.”

“దేవుడుంటాడా, ఉండడా?”

“ఉంటాడండీ. చాలామందే ఉంటారు.”

“మరింకేంటండి!”

తలకొట్టేసినట్టయింది నాకే. పదింటికి బహుమతులు నిర్ణయించే విద్యాశాఖ అధికారిణి గారు వస్తారు. బతిమాలితే రైతు ఆకుల్ని మూరెడు ఉంచి కోయడానికి ఒప్పుకున్నారు. వెనక పాతిన వెదుళ్ళకి అట్టతో చేసిన కప్పు కట్టి, ఆకుల మీదికి దించాం. కప్పు ముందరి ముక్కోణంలో పిల్లలు ఇళ్ళలోని బొమ్మలకొలువు బొమ్మలు పేర్చారు. నడుమ నిలుచున్న దేవుళ్ళు, మూల ఇరుకులో శేషశయనుడు. గ్రీకు శిల్పులు కూడా ఆ మూలల్లో పడుకున్నవాళ్ళనే చెక్కారని పాఠం చెప్పిన నేను మరిచిపోయాను, విన్నవాళ్ళు మరవలేదు.

అధికారిణి గారు చార్టు చూశారు. ఆకులు చూశారు.

“డోరిక్‌కి ఆకులుంటాయాండి?”

నేను ఏడో స్తంభమైపోయాను. ఇంతలో ఒక పిల్ల పుస్తకం తెరిచి ఆవిడ ముందు పెట్టింది. “ఆకులుండేది కొరింథియన్ అనే ఇంకో గ్రీకు పద్ధతికండి. గుడి కరెక్టేనండి మేడం, చార్టే తప్పండి.”

బొమ్మలో రాతి ఆకులు స్తంభం తల మీద విచ్చుకుని, చివర్లు బయటికి వంగి ఉన్నాయి. ఎదురుగా కప్పు బరువుకి మా ఆకులూ అచ్చం అలాగే వంగి ఉన్నాయి.

“చార్టెవరు రాశారు?”

“మాస్టారండి!” క్లాసు మొత్తం ఒకే గొంతు. పాఠం అప్పజెప్పేటప్పుడు ఏనాడూ అంత ఐకమత్యం చూడలేదు.

ఆవిడ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. సాయంత్రం మొదటి బహుమతి మాకేనని చెప్పగానే పిల్లల కేకలకి ఊరంతా దద్దరిల్లింది. తన చెట్లనేం చేస్తామోనని పొద్దుటినుంచీ కాపలా కూర్చున్న రైతు లేచి వచ్చారు.

“కాకినాడకెన్ని బోదెలు కావాలండి?”

“ఆరండీ,” అన్నాను. “తలలతో.”