బస్రా జొన్నలు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో ఆయన నా పక్కన కూర్చున్నాడు. అది పంతొమ్మిది వందల యాభై ఆరో సంవత్సరం అనుకుంటాను. అరవై ఏళ్ల మనిషి, తలకు పెద్ద రుమాలు. శిరివెళ్ల దాటాక, అప్పుడే మొలిచిన జొన్నచేను ఒకటి కనబడింది. ఆయన రుమాలు తీసి చేతబట్టుకుని లేచి నిలబడ్డాడు. దిగుతాడనుకుని కండక్టరు గంట కొట్టాడు. బస్సు ఆగింది.

"దిగు పెద్దాయనా, బేగా!"

"నేను దిగేది ఆళ్లగడ్డలోనప్పా," అని ఆయన కూర్చున్నాడు. కండక్టరు విసుక్కున్నాడు.

నాకు ఉండబట్టలేదు. "మరెందుకు లేస్తివి పెద్దాయనా?"

"మొదటి జర్మనీ యుద్ధంలో తెల్లోళ్లు నన్ను సముద్రం దాటించి బస్రా దిక్కు తోలకపోయిరి, మట్టిపని చేసేకి. ఆడ మావోళ్లు తొమ్మిదిమంది సచ్చిపోయిరి. పూడ్చినాక గుర్తు పెడదామంటే ఆ దేశంలో గులకరాయి గూడా లేదప్పా. అంతా ఒండుమట్టే. మాయమ్మ తినేకి కట్టిచ్చిన జొన్నలుండె. అవే చల్లినా."

"మొలిచినాయా?"

"మొలిచినాయి. జానెడు లేసినాక మమ్మల్ని ముందుకు పొమ్మనిరి."

ఎటు చూసినా రాళ్లుండే సీమలో పుట్టినవాణ్ని, దారి పక్క రాళ్లకేసి చూశాను. అంతలో ఇంకో మొలక చేను వచ్చింది. ఆయన మళ్లీ రుమాలు తీసి లేచాడు. మా మాటలు విన్న కండక్టరు గంట తాడు మీదికి పోనిచ్చిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేనూ లేచాను.

ఆ తర్వాత దారి పొడవునా జొన్నచేలే. ఆళ్లగడ్డ వచ్చేదాకా మేమిద్దరం మళ్లీ కూర్చోలేదు.