బానెట్ మీద చెయ్యి

చిక్కడపల్లిలో భూదేవి దగ్గర కారు నేర్చుకున్నవాళ్లందరికీ ఆమె అలవాటొకటి తెలుసు. నేర్పడం అయ్యాక ఇంజన్ ఆపించి, దిగి, వేడిగా ఉన్న బానెట్ మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడేది. ఎందుకని ఎవరూ అడగలేదు.

డ్రైవింగ్ స్కూలు ఆమె భర్త జగదీశ్వర్‌ది. ఉన్నది ఒక్కటే మారుతి, నేర్పేవాళ్లు కూర్చునే ఎడమవైపు కూడా బ్రేకు, క్లచ్ బిగించిన బండి. 2011 ఎండాకాలంలో ఎవరికో నేర్పుతూనే ఆయన ఆ ఎడమ సీట్లో గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. సూరత్ నుంచి ఆడబిడ్డ వచ్చేదాకా శవాన్ని కిరాయికి తెచ్చిన ఫ్రీజర్ పెట్టెలో ఉంచారు. మూత తీశాక భూదేవి ఆయన నుదుటి మీద చెయ్యి వేసింది. అది మనిషి నుదురులా లేదు. ఆ చలి ఆమె అరచేతిలోనే ఉండిపోయింది. చన్నీళ్ల బిందె పట్టుకున్నా, పొద్దున్నే ఇనుప గడియ తీసినా అదే నుదురు తగిలేది. బానెట్ వేడికి మాత్రం కాస్త వదిలేది.

స్కూలు మూసేస్తుందనుకున్నారంతా. ఆయన నేర్పిన డ్రైవింగ్‌తోనే ఆమె పోయి ఆ ఎడమ సీట్లో కూర్చుంది.

రెండేళ్లకు బండి పొగ కక్కడం మొదలుపెట్టింది. నారాయణగూడ మెకానిక్ ఈదయ్య ఇంజన్ విప్పి చూసి, “శాన అరిగిందక్కా. కొత్త సామాన్లు ఏయాలె. లేకుంటే అమ్ముకో” అన్నాడు. అమ్మమన్న మాటకు ఆ పూట ఆమెకు అన్నం సహించలేదు.

అప్పుడు ఆమె దగ్గర నేర్చుకుంటున్నవాళ్లలో ప్రేమ్‌సాగర్ ఒకడు. ఇంజనీరింగ్ చదివి, అశోక్ నగర్ హాస్టల్లో ఉండి సర్కారు కొలువుకు చదువుకుంటున్నాడు.

“క్రయో ట్రీట్‌మెంట్ అని ఉంటదక్కా. ఇంజన్ సామాన్లు నైట్రోజన్‌ల పెట్టి తీస్తరు. ఇనుము గట్టిపడ్తది, జల్ది అరగదు” అన్నాడు.

“ఇగ బండి చావదా?”

“శాన్నాళ్లు ఉంటదంటరు.”

నైట్రోజన్ అంటే ఏమిటో ఆమె అడగలేదు. ఈదయ్య విప్పిన సామాన్లు గోనెసంచిలో కట్టించుకుని, ఆటోలో బాలానగర్ పోయి ఆ పని చేసే యూనిట్ వెతికి పట్టుకుంది. అక్కడి ఇంజనీర్ విజయశ్రీ సంచి విప్పి ఒక్కో భాగం తిప్పి చూసింది.

“మేము ఎక్కువగా మిషన్ల కటింగ్ పనిముట్లకు చేస్తమమ్మా. వాటికి పనికొస్తది. రేసు బండ్లోళ్లు కూడ తెస్తరు. మీ కారుకైతే ఫరకేం కనవడదు. అరిగింది మళ్ల పెరగదు, పగులుంటే అతకదు. టైముకు ఆయిల్ మార్పించుకుంటే చాలు.”

“అయినా చెయ్యుండ్రి మేడం” అంది భూదేవి.

విజయశ్రీ సామాన్లు మళ్లీ సంచిలో వేసిచ్చి ఆమెను లోపలికి తీసుకుపోయింది. అక్కడ పొడుగాటి పెట్టె ఉంది. పనివాడు మూత ఎత్తగానే తెల్లటి పొగ అంచులు దాటి నేల మీదికి జారి భూదేవి కాళ్లను చుట్టుకుంది.

“నైట్రోజన్‌తోని మెల్లగ చల్లబరుస్తం, మంచుగడ్డ కంటె శాన చల్లగ. రేపటిదాకా ఈ పెట్టెలనే ఉంటయి” అంది విజయశ్రీ.

భూదేవి సంచిని రెండు చేతులా గుండెకు అదుముకుంది. “వద్దు. మావి పెట్టకుండ్రి.”

“ఏమైందమ్మా?”

“మా ఆయనను గిట్లనే పెట్టినం మేడం.”

విజయశ్రీ మూత వేయించింది. సంచికి ఒక పక్క తానే పట్టి ఆటో దాకా మోసుకొచ్చింది.

ఈదయ్య అరిగిన సామాన్లు మార్చి ఇంజన్ బిగించాడు. పొగ ఆగింది. నడిచినన్నాళ్లు నడుస్తుందిలే అనుకుని ఆమె బండి తెచ్చుకుంది.

మరుసటి ఎండాకాలం హైదర్‌గూడ నుంచి ఒక ఆడపిల్ల నేర్చుకోవడానికి వచ్చింది. లోయర్ ట్యాంక్ బండ్ మీద బండ్లన్నీ ఆగిపోయిన చోట చెమట తుడుచుకుంటూ, “మేడం, ఏసీ పెట్టాల్నా?” అంది.

“వద్దు బిడ్డా, అద్దాలు దించు” అంది భూదేవి. వడగాలి లోపలికి కొట్టింది. ఆమె అరచెయ్యి బయటి వేడిలోకి చాచి అలాగే ఉంచింది.